మొదటి సాక్ష్యము మన గడపలోనే

వాక్యపఠనము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 1 నుండి 20 వచనములు



ఈ నెల మన ధ్యానమునకు గెరాసేనుల దేశములో ప్రభువు బాగుచేసిన మనుష్యుని సంగతి తీసికొందము. ఈ కథ మనకందరికిని తెలిసినదే. సమాధులలో కాపురముండిన ఒకడు. సంకెళ్లు వేసినను తెంచుకొనిపోవువాడు. రాత్రింబగళ్లు కొండలలో కేకలు వేయుచు, రాళ్లతో తన దేహమును తానే గాయపరచుకొనువాడు. ప్రభువు వానిని విడిపించెను. ఊరివారు వచ్చి చూచునప్పటికి వాడు బట్టలు కట్టుకొని, బుద్ధి కుదిరి, నెమ్మదిగా కూర్చుండి యుండెను. ఆదివారపు బడిలో ఈ కథ చెప్పినప్పుడు రెండువేల పందులు సముద్రములో పడిన సంగతియే పిల్లలకు ఎక్కువగా జ్ఞాపకముండును. పెద్దలమైన మనము కూడ అక్కడనే ఆగిపోయి, కథ చివరనున్న ఒక చిన్న సంగతిని దాటిపోవుచున్నాము.

ఆ దినమున ప్రభువును ముగ్గురు వేడుకొనిరి. పందులలోనికి పోనిమ్మని దయ్యములు వేడుకొనెను, ప్రభువు పోనిచ్చెను. మా ప్రాంతము విడిచి పొమ్మని ఊరివారు వేడుకొనిరి, ప్రభువు వెళ్లిపోయెను. స్వస్థత పొందినవాడు మాత్రము దోనెయొద్దకు వచ్చి, నన్ను నీ వెంట నుండనిమ్మని బతిమాలుకొనెను. మూడు మనవులలోను మంచి మనవి ఇదియొక్కటే. అయినను ప్రభువు దీనినే ఒప్పుకొనలేదు! వాడు తన యింటికి, తన వారియొద్దకు మరలిపోవలెననియు, దేవుడు తన యెడల చేసిన గొప్ప కార్యమును, చూపిన కనికరమును వారికి తెలుపవలెననియు ఆజ్ఞాపించి పంపివేసెను.

ప్రియులారా, ప్రభువు ఒక పాపిని రక్షించినప్పుడు వానికి అప్పగించు మొదటి సంఘము వాని యింటివారే. మొదటి ప్రసంగపీఠము వాని గడపయే. ఈ ఒక్క సంగతిని ఈ నెల మన హృదయములలో నాటుకొందము.

ఇంటికి పోవుట ఎందుకు కష్టము?

క్రొత్త ఊరిలో సాక్ష్యము చెప్పుట సులువు. అక్కడ మన పాత బ్రదుకు ఎవరికిని తెలియదు. ఇంటివారికి అన్నియు తెలియును. మనము కూటములో ఎంత మెత్తగా మాట్లాడుదుమో, ఇంటికి వచ్చి చెప్పులు విడుచునప్పటికి ఆ మెత్తదనము ఏమగునో భార్యకు తెలియును. మన ప్రార్థన ఎంత పొడవైనదో సంఘమునకు తెలియును; మన కోపము ఎంత పొట్టిదారిలో వచ్చునో మన పిల్లలకు తెలియును.

ఆ మనుష్యునికి ఇంట ఎవరెవరుండిరో లేఖనము చెప్పదు. కాని వారెవరైనను వానిని తలంచుకొని ఎన్ని రాత్రులు భయపడి యుందురు! వాడు తిరిగివచ్చి గడప తొక్కిన మొదటి రాత్రి ఆ యింట ఎవరు కన్ను మూసి యుందురు? వాడు నోటితో ఒకసారి చెప్పినంత మాత్రమున వారు నమ్ముదురా? అన్నము అడిగిన తీరు, పిలిచిన తీరు, కోపము వచ్చినప్పుడు చేతులను అదుపులో పెట్టుకొనిన తీరు—ఇవన్నియు ఒక దినము కాదు, నెలల తరబడి చూచిన తరువాతనే, వీనిని నిజముగా దేవుడే ముట్టెనని వారు నమ్మి యుందురు. ఇంటిలో సాక్ష్యమనగా ఇదియే. అది ఒక ప్రసంగము కాదు, ప్రతిదిన వ్యవసాయము. దున్నవలెను, విత్తవలెను, కలుపు తీయవలెను, వానకొరకు కనిపెట్టవలెను.

మన పితరులు నేర్పిన పాఠము

ఈ తెలుగు దేశమందు సువార్త వ్యాపించిన విధము చూచినను ఈ సంగతియే కనబడుచున్నది. యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వర్తకము చేసికొను మనుష్యుడు. వర్తకము నిమిత్తము ఉత్తర ప్రాంతములకు పోయి, ఏలూరు వైపున సువార్త వినెను. వినిన దానిని మొదట ఎవరికి చెప్పెను? ఇంటికి మరలివచ్చి తన భార్యయైన నాగమ్మకు చెప్పెను. ఆ దంపతులిద్దరు కలిసి ప్రార్థించిరి. 1866వ సంవత్సరమున ఇద్దరును బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరమే క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చి కాపురము పెట్టిరి. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు వచ్చెను. దాని తరువాత, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ యేటియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము గొప్పగా చెప్పుకొందుము. చెప్పుకొనదగినదే. అయితే అంతటి కోతకు ముందు, ఒక చిన్న యింట ఒక భర్తయు ఒక భార్యయు కలిసి మోకరించిన ఆ రాత్రులను మరువకూడదు.

ఆ దినములలో క్రొత్తగా నమ్మినవారికి విధించిన నియమములు మూడు: ఆదివారమున పని చేయకుండుట, చచ్చిన పశువు మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట. ఈ మూడింటిని ఎక్కడ ఆచరించవలెను? కూలి దినము విడుచుకొనుట యజమానుని కళ్లమునుండి మొదలగును. వంటకుండ మాట పొయ్యియొద్ద మొదలగును. మ్రొక్కుబడి మాట ఇంటి మూలనున్న గూటియొద్ద మొదలగును. మన పితరులు చదువు రానివారే కావచ్చును. కాని విశ్వాసము ఇంటిలోనికి వచ్చినప్పుడు కుండయు, గూడును, కూలియు మారవలెనని వారు ఎరుగుదురు. అందు నిమిత్తము మోతుబరుల కోపమును కూడ భరించిరి.

అజరయ్య అయ్యగారు 1912లో దోర్నకలునకు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పు వారే. పల్లెలకు పంపు ఉపదేశకులకు మాత్రమే గాక, వారి భార్యలకును అక్కడ శిక్షణ ఇచ్చుచుండిరి. ఎందుచేత? ఉపదేశకుని ప్రసంగము ఊరివారు వారమునకొకసారి విందురు. ఉపదేశకుని కాపురమును ప్రతిదినమును చూతురు.

ఇప్పుడు మన యిండ్లలోనికి వత్తము. ఇంటిలో అయిదు స్థలములను ప్రభువు దీపముతో చూతము.

1. పొయ్యి దగ్గర

మొదటి పేతురు పత్రిక మూడవ అధ్యాయము ఏడవ వచనము పురుషులు తరచుగా చదువవలసినది. భార్య జీవమను కృపావరములో భర్తతో కూడ పాలివారసురాలనియు, ఆమెను గౌరవింపవలెననియు, లేనిచో భర్త ప్రార్థనలకే ఆటంకము కలుగుననియు అపొస్తలుడు వ్రాయుచున్నాడు. ఇది ఎంత భయంకరమైన మాట! వాన రాలేదని ఉపవాసముండి ప్రార్థించుదుము. బిడ్డకు ఉద్యోగము కావలెనని రాత్రి జాగరణ చేయుదుము. ప్రార్థన ఎందుకు పైకి పోవుటలేదని పాస్టరుగారిని అడుగుదుము. అడ్డము ఎక్కడనున్నది? పొయ్యి దగ్గర కన్నీరు తుడుచుకొనుచున్న ఆ స్త్రీయొద్ద నున్నది. భార్యమీద చెయ్యి యెత్తినవాడు ఆ చేతులనే ప్రార్థనలో ఎత్తినయెడల దేవుడు వాటిని ఎట్లు చూచును?

సంఘ పెద్దలకు కూడ ఒక మాట. దెబ్బలు తినిన చెల్లెలు మీయొద్దకు వచ్చినప్పుడు, "ఓర్చుకొమ్మా, సిలువ మోయుమమ్మా" అని వెనుకకు పంపివేయుట ఉపదేశము కాదు. సిలువ మనము ప్రభువుకొరకు ఎత్తుకొనునది. త్రాగివచ్చినవాడు మరియొకరి వీపున పెట్టునది సిలువ కాదు, అన్యాయము. అట్టివానిని పిలిపించి గద్దించుడి. ఆమెకును పిల్లలకును భద్రమైన చోటు చూపుడి. గృహహింసనుండి స్త్రీలను కాపాడుటకు 2005లో ప్రభుత్వము చట్టము చేసినది. లోకపు చట్టము చూపిన కనికరముకంటె సంఘము చూపు కనికరము తక్కువ కాకూడదు.

త్రాగుడు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి అంగడికి ఎదురు నిలిచిరి. ఆ నిప్పు ఊరూర వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశములో సారాయి నిషేధింపబడెను. ఆ పల్లె తల్లులకు అంత ధైర్యము ఎక్కడనుండి వచ్చెను? ఖాళీ కుండను ప్రతిదినము చూచుటనుండి వచ్చెను. సంస్కారపు బల్లయొద్ద పాత్ర పుచ్చుకొను విశ్వాసీ, నీ యింటి కుండ నిండియున్నదా, ఖాళీగా నున్నదా అని ప్రభువు అడుగుచున్నాడు.

2. డబ్బు పెట్టె దగ్గర

కూలి డబ్బు ఇంటికి చేరు త్రోవలో విశ్వాసము తేలిపోవును. భర్త సంపాదన భర్తదే, భార్య సంఘములో తెచ్చిన అప్పు మాత్రము ఇద్దరిది అను లెక్క క్రైస్తవుని లెక్క కాదు. రాత్రి దీపము దగ్గర ఇద్దరు కూర్చుండి, వచ్చినదెంత, కట్టవలసినదెంత, బడి ఫీజు ఎంత, దేవుని భాగమెంత అని మాట్లాడుకొను యింటిలో అబద్ధమునకు చోటుండదు. అట్లు కూర్చుండుట కూడ ఆరాధనయే.

ఇక కట్నము. మన గుడిలో పెండ్లి ప్రకటన మూడు ఆదివారములు అందరి యెదుట చదువబడును. కట్నము మాట మాత్రము తలుపులు మూసి మాట్లాడబడును. వెలుగులో చదువదగని దానిని చీకటిలో ఎందుకు ఒప్పుకొనవలెను? 1961 నాటి చట్టము ప్రకారము కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములే. అంతకంటె ముఖ్యమైనది, ప్రభువు ఎదుట అది ఒక పేద తండ్రి మెడకు కట్టిన తిరుగటిరాయి. వాడు తన ఎకరము అమ్మి అల్లునికి బండి కొనియిచ్చును. పదేండ్లు వడ్డీ కట్టును. ఆ పెండ్లిలో మనము పాటలు పాడి, బిరియాని తిని, ప్రార్థన చేసి వత్తుము. కుమారుని పెండ్లికి కట్నమడుగనని ఒక్క విశ్వాసి తండ్రి గట్టిగా నిలిచినయెడల ఆ పెండ్లియే ఆ ఊరికి సువార్త కూటమగును.

కుమార్తెలను గూర్చి మరియొక మాట. సెలోపెహాదు కుమార్తెలు మోషేయొద్దకు వచ్చి తమ తండ్రి స్వాస్థ్యములో భాగమడిగినప్పుడు, వారడిగినది న్యాయమేయని దేవుడు తీర్పు చెప్పెను. యోబు తన కుమార్తెలకు వారి సహోదరులతో కూడ స్వాస్థ్యమిచ్చెను. మన దేశమందు కూడ, 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించిన క్రైస్తవునికి భార్యాబిడ్డలున్నయెడల, ఆస్తిలో మూడవ వంతు భార్యకును, మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమభాగములుగాను చెందవలెను. "ఆడపిల్లకు పెండ్లి చేసితిమి గదా" అని సంతకము పెట్టించుకొనువాడు లేఖనమును చూడలేదు, చట్టమును చూడలేదు.

3. పొలము గట్టు దగ్గర

అన్నదమ్ములు ఒకే పాటల పుస్తకము పట్టుకొని పాడుదురు. గట్టు జానెడు జరిగినందుకు మూడేండ్లు మాటలాడుకొనరు. ఒకరి పిల్లలు మరియొకరి యింట నీళ్లు త్రాగరు. క్రిస్మసు వచ్చినప్పుడు గుడిలో ఆ వరుసలో వారు, ఈ వరుసలో వీరు. పిల్లలు దీనినంతయు చూచుచున్నారు సుమా!

అబ్రాహాము, లోతుల కాపరులకు మేత విషయములో జగడము కలిగెను. అబ్రాహాము పెద్దవాడు, వాగ్దానము పొందినవాడు, మొదట ఏరుకొను హక్కు అతనిదే. అయినను ముందు నీవే కోరుకొమ్మని సహోదరుని కుమారునికి విడిచిపెట్టెను. లోతు నీళ్లున్న పల్లపు భూమి ఏరుకొనెను. అబ్రాహామునకు మెరకయే మిగిలెను. కాని ఆ మెరకమీదనే దేవుడు అతనిని నిలువబెట్టి, నాలుగు దిక్కులు చూపి వాగ్దానమును మరల స్థిరపరచెను. జానెడు గట్టు విడిచినవాడు బీదవాడు కాడు. పట్టుకొనినవాడు ప్లీడరు ఫీజులకు పొలమే అమ్ముకొనుట మనము చూడలేదా?

అర్పణము తెచ్చినవాడు, సహోదరునికి తనమీద విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణము బలిపీఠము నొద్దనే విడిచి ముందు వానితో సమాధానపడవలెనని ప్రభువు కొండమీద బోధించెను. ఎవనిది తప్పు అని ఆయన లెక్క అడుగలేదు. ముందు పొమ్మనెను. వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందు ఏ గడపకు పోవలెనో మీలో కొందరికి ఈ మాట చదువుచుండగానే తెలిసి యుండును. ఆలస్యము చేయకుడి.

4. ముసలివారి మంచము దగ్గర

ప్రభువు కాలములో కొందరు తమ సొమ్మును "కొర్బాను", అనగా దేవునికి అర్పితము, అని చెప్పి తలిదండ్రులను పోషించుట మానివేసిరి. దేవుని పేరు పెట్టి దేవుని ఆజ్ఞనే త్రోసివేయుచున్నారని ప్రభువు వారిని గద్దించెను. మార్కు సువార్త ఏడవ అధ్యాయములో అది చదువగలరు.

మనలో కొర్బాను లేదా? గుడి కట్టుటకు రాసిన చందా రాతిపలకమీద పేరుతో చెక్కబడును. ఇంట తల్లికి కళ్లజోడు విరిగి యేడాది యగును; ఆమె బైబిలు చదువుకొనలేదు. ముగ్గురు కుమారులు, తండ్రికి నెలకొక యింట వంతు. ముప్పది యొకటవ తారీఖున ఆ ముసలివాడు తన చేతికఱ్ఱయు, దుప్పటియు పట్టుకొని ఏ గడపకు పోవలెనో తెలియక వీధిలో నిలుచుండును. ప్రియులారా, ఇది లోకస్థుల యింటి సంగతి కాదు, మన యిండ్లలో సంగతి. తన వారిని, విశేషముగా తన యింటివారిని, పోషింపనివాడు విశ్వాసము విడిచినవాడేయనియు, అవిశ్వాసికంటె చెడ్డవాడనియు పౌలు తిమోతికి వ్రాసెను. గద్దింపు ఇంత కఠినముగా ఎందుకున్నది? అవిశ్వాసి కూడ తన తల్లికి అన్నము పెట్టును గనుక.

ప్రభువైతే సిలువమీద వ్రేలాడుచు, లోకమంతటి పాపభారము మోయుచున్న ఆ గడియలో కూడ, తన తల్లిని ప్రియ శిష్యునికి అప్పగించెను. ఆయనకు లోకరక్షణ పనిలో తల్లిని మరచు తీరిక దొరకలేదు! సంఘపు పనిలో తిరుగు మనకు ఆ తీరిక ఎట్లు దొరికెను?

5. ప్రార్థన చాప దగ్గర

దేవుని మాటలను ఇంట కూర్చుండునప్పుడును, త్రోవను నడుచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును పిల్లలతో మాటలాడవలెనని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము బోధించుచున్నది. ఇందులో గుడి పేరు లేదు, పాస్టరు పేరు లేదు. ఇల్లు, త్రోవ, పడక, ఉదయము—ఇవియే బడి.

కుటుంబ ప్రార్థన మా వలన కాదు, మాకు చదువు రాదు అని కొందరందురు. చదువు వచ్చిన పిల్లవాడు ఒక చిన్న కీర్తన చదువవచ్చును. తల్లి ఆ దినపు ఒక మేలు చెప్పవచ్చును. తండ్రి రెండు మాటలతో ప్రార్థింపవచ్చును. రాత్రి అన్నము తిని చేతులు కడుగుకొనిన తరువాత, టీవీ ఆపి, సెల్ ఫోనులు గూటిలో పెట్టి, చాప పరచుకొని పది నిమిషములు కూర్చుండిన చాలును. పొడవుగా ప్రార్థించి పిల్లలను నిద్రపుచ్చకుడి. ఆ ప్రార్థనలో ఎవరిని దెప్పిపొడువకుడి. "ప్రభువా, ఈ కోడలికి బుద్ధినిమ్ము" అని అత్త బిగ్గరగా ప్రార్థించినయెడల అది దేవునికి చేరు ప్రార్థన కాదు, ప్రక్కన కూర్చున్న కోడలికి తగులు రాయి.

ఆ చాపమీద మరియొక గొప్ప కార్యము జరుగవచ్చును. పగలు అన్యాయముగా కొట్టిన కుమారునితో తండ్రి, "నాయనా, ఈ దినము కోపములో నిన్ను కొట్టితిని, అది తప్పు, నన్ను క్షమింపుము" అని చెప్పవచ్చును. తండ్రి పెద్దరికము దీనివలన పోవునా? పోదు. తన తండ్రికి పైన ఒక తండ్రి యున్నాడని ఆ రాత్రి ఆ బిడ్డ నేర్చుకొనును. పిల్లలకు కోపము పుట్టించి వారి మనస్సు క్రుంగజేయవద్దని పౌలు తండ్రులకు వ్రాసినది ఇందుకొరకే.

ఇంట ఒంటరిగా నమ్మినవారికి

ఇది చదువువారిలో ఇంట ఒక్కరే విశ్వాసులైనవారు కూడ ఉందురు. భర్త గుడికి రాడు. అత్తవారు ఎగతాళి చేయుదురు. పెరిగిన కుమారుడు బైబిలు ముట్టడు. అమ్మా, అధైర్యపడకుము. తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు. అయినను అవ్వయైన లోయియందును, తల్లియైన యునీకేయందును ఉండిన నిష్కపటమైన విశ్వాసము ఆ బిడ్డకు చేరెను. ప్రభువు సొంత సహోదరులు కూడ మొదట ఆయనయందు విశ్వాసముంచలేదని యోహాను వ్రాయుచున్నాడు. కాని ప్రభువు పునరుత్థానము తరువాత, యెరూషలేములోని మేడగదిలో, తల్లియైన మరియతో కూడ ఆయన సహోదరులును ప్రార్థనలో ఉండిరని అపొస్తలుల కార్యములలో చూచుచున్నాము. ప్రభువు యింటివారికే అంత కాలము పట్టెను. నీ యింటివారి నిమిత్తము నీవు విసుగకుము. వారితో వాదింపకుము; వారిని ప్రేమించుట మానకుము.

గెరాసేనుల దేశపు ఆ మనుష్యుడు కూడ అట్లే ఒంటరిగా మరలిపోయెను. ఊరంతయు ప్రభువును వెళ్లగొట్టెను. వాడొక్కడే ఆయన పక్షమున మిగిలెను. వాడు దెకపొలి యందంతట ప్రభువు చేసిన దానిని ప్రకటించెను, అందరును ఆశ్చర్యపడిరి. మార్కు సువార్త ఏడవ అధ్యాయములో ప్రభువు దెకపొలి ప్రాంతములగుండా తిరిగి వచ్చినప్పుడు, అక్కడివారు ఒక చెవిటివానిని ఆయనయొద్దకు తీసికొనివచ్చి, వానిమీద చెయ్యి యుంచుమని బతిమాలుకొనిరి. ఇది వాని సాక్ష్యఫలమేయని లేఖనము చెప్పదు. కాని ఒకప్పుడు పొమ్మని వేడుకొనిన ప్రాంతములోనే, ఇప్పుడు ముట్టుమని వేడుకొనుచున్నారు. మధ్యకాలములో ఆ ప్రాంతమున ఉండిన సాక్షి ఒకడే మనకు తెలియును. ప్రభువు తన్ను దోనెలో ఎక్కించుకొనకపోవుట ఎంత కనికరమో వానికి అప్పుడు తెలిసి యుండును.

ముందు స్వస్థత, తరువాత ఇల్లు

చివరగా ఒక మాట మరువకూడదు. ప్రభువు ఆ మనుష్యుని ముందు బాగుచేసి, తరువాత ఇంటికి పంపెను. సంకెళ్లు వానిని మార్చలేదు. ఊరివారి కాపలా వానిని మార్చలేదు. మనము కూడ ఈ అయిదు స్థలములను గూర్చి చదివి, రేపటినుండి మంచివాడనగుదునని పట్టుదల పట్టినయెడల, ఆ పట్టుదల మూడు దినములుండును. నాలుగవ దినమున పాత సంకెలవలె తెగిపోవును. కావున మొదట మనము ప్రభువు పాదములయొద్దకే పోవుదము. నా కోపమును, నా త్రాగుడును, నా పేరాశను, నా మూర్ఖమును పేరు పెట్టి ఆయనకు చెప్పుకొందము. ఆ దినమున ఆయన ఆ మనుష్యునిలో నున్న దానిని నీ పేరేమని అడిగెను గదా. మనలోని దాని పేరు కూడ దాచక చెప్పిన దినమున, ఆయన బాగుచేయును. బాగుచేసి, ఇంటికి పంపును.

ఈ నెలలో ప్రతి కుటుంబము ఈ మూడు పనులు చేయవలెనని ప్రేమతో కోరుచున్నాను. ఒకటి: వారమునకు కనీసము మూడు రాత్రులు చాప పరచి కలిసి ప్రార్థించుడి. రెండు: ఇంటిలో గాని, అన్నదమ్ములలో గాని, మాటలు ఆగిపోయిన ఒకరియొద్దకు ముందుగా మీరే పోవుడి. మూడు: ఇంటి ముసలివారిని కూర్చుండబెట్టి, మీకేమి కావలెనని అడుగుడి, అడిగినది మీ చేతనైనంత వరకు చేయుడి.

ప్రార్థన

కనికరముగల ప్రభువా, సమాధులలో తిరిగినవానిని బుద్ధి కుదిర్చి ఇంటికి పంపితివి. మమ్మును కూడ బాగుచేసి మా యిండ్లకు పంపుము. మేము గడప తొక్కునప్పుడు మావారికి భయము కాక సంతోషము కలుగనిమ్ము. మా పొయ్యి, మా డబ్బు, మా పొలము గట్టు, మా తలిదండ్రుల మంచము, మా ప్రార్థన చాప, ఇవన్నియు నీవి. మా పిల్లలు నిన్ను మొదట మా యింటనే చూతురు గాక. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.